లింకన్ కాలపు ఉత్తరాలు చదవడం ఎలా: ముందు కాగితాన్ని వెనక్కి తిప్పి చూడండి

1863 జులై 14న అబ్రహాం లింకన్ జనరల్ జార్జ్ మీడ్‌కు ఒక ఉత్తరం రాశారు. గెటిస్‌బర్గ్‌లో మూడు రోజుల పోరు ముగిసి అప్పటికి పదకొండు రోజులైంది. ఓడిన దక్షిణాది సేనాని రాబర్ట్ లీ సైన్యం పొంగిన పొటోమాక్ నది ఒడ్డున కొన్నాళ్లు చిక్కుకుపోయినా మీడ్ దాని మీద విరుచుకుపడలేదు. ముందటి రాత్రి మొదలుపెట్టి ఆ సైన్యం నది దాటి వర్జీనియాలోకి జారుకుంది. బంగారం లాంటి అవకాశం చేజారిందనీ, అందుకు తన బాధ ఇంతా అంతా కాదనీ లింకన్ ఆ ఉత్తరంలో రాశారు. అచ్చులో దీన్ని చదివినవారు అధ్యక్షుడు తన సేనానిని నిలదీశాడనే అనుకుంటారు. కానీ కవరు మీద లింకన్ స్వదస్తూరీతోనే ఒక ముక్క ఉంది: జనరల్ మీడ్‌కు రాసినది, పంపనూ లేదు, సంతకమూ చేయలేదు. అంటే ఆ మాటలు ఆనాడు మీడ్‌కు చేరనే లేదు. ఉత్తరంలో ఒక్క అక్షరం మారలేదు గానీ, కవరు చూశాక దాని అర్థం పూర్తిగా మారిపోయింది.

పందొమ్మిదో శతాబ్దపు అమెరికా రాజకీయ లేఖలను, ముఖ్యంగా 1861 నుంచి 1865 వరకు ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య సాగిన అంతర్యుద్ధ కాలపు లేఖలను చదవాలనుకునే తెలుగు పాఠకుల కోసం ఇది రాస్తున్నాను. ఈ ఉత్తరాల్లో చాలా భాగం ఇవాళ ఇంట్లో కూర్చుని తెర మీద ఉచితంగా చూడవచ్చు. చదవడానికి చరిత్ర పట్టా అక్కర్లేదు, ఓపిక కావాలి, ఒక అలవాటు కావాలి. ఉత్తరంలో ఏముందో చూసే ముందు అది ఎలా ప్రయాణించింది, ఎవరి చేతిలో పడింది, ఎవరు దాచారు, ఎందుకు దాచారు అని అడగడమే ఆ అలవాటు.

ఎవరు దాచారో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది

కొత్తగా మొదలుపెట్టేవారు సాధారణంగా చేసే పొరపాటు ఒకటుంది. లింకన్ రాసిన ఉత్తరాలన్నీ లింకన్ కాగితాల్లో ఉంటాయని అనుకుంటారు. కాస్త ఆలోచిస్తే అది అసాధ్యమని తెలుస్తుంది. ఉత్తరం రాసినవారి దగ్గర ఉండదు, అందుకున్నవారి దగ్గర ఉంటుంది. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్న లింకన్ పత్రాల్లో సింహభాగం ఆయనకు వచ్చిన ఉత్తరాలు, ఆయన రాసుకున్న చిత్తుప్రతులు, దగ్గర ఉంచుకున్న నకళ్లు. ఆయన పంపిన ఉత్తరాలు అందుకున్న వారి కుటుంబాల్లోకి, అక్కడి నుంచి విశ్వవిద్యాలయాలకూ వేలం శాలలకూ సొంత సేకరణలకూ చెల్లాచెదురుగా పోయాయి. గడ్డం పెంచుకుంటే బాగుంటారని 1860 అక్టోబరు 15న న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్‌ఫీల్డ్ నుంచి లింకన్‌కు రాసిన పదకొండేళ్ల గ్రేస్ బెడెల్ ఉత్తరం డెట్రాయిట్ ప్రజా గ్రంథాలయంలో ఉంది, లింకన్ జవాబు మాత్రం ప్రైవేటు చేతుల్లో ఉంది. అందుచేత ఒక జంట ఉత్తరాలు దొరకాలంటే రెండు చోట్ల వెతకడానికి సిద్ధపడి ఉండాలి.

సేకరణకు కూడా ఒక జీవితకథ ఉంటుంది. లింకన్ హత్య తరువాత ఆ కాగితాలను ఆయన మిత్రుడు, న్యాయమూర్తి డేవిడ్ డేవిస్ ఇల్లినాయ్‌లో భద్రపరిచారు. లింకన్ కార్యదర్శులు జాన్ నికొలే, జాన్ హే వాటిని సర్ది, ఆయన జీవిత చరిత్ర రాయడానికి వాడుకున్నారు. చివరికి కుమారుడు రాబర్ట్ టాడ్ లింకన్ 1923లో ఒక షరతు మీద వాటిని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు రాసిచ్చారు: తాను పోయిన తరువాత 21 ఏళ్ల దాకా వాటిని ఎవరికీ చూపకూడదు. ఆయన 1926 జులై 26న మరణించారు, కాగితాలు 1947 జులై 26న తెరుచుకున్నాయి. ఈ తేదీ గుర్తుంచుకుంటే ఒక మేలుంది. అంతకుముందు వెలువడిన లింకన్ జీవిత చరిత్రల్లో దాదాపు అన్నీ ఈ కాగితాలు చూడకుండా రాసినవేనని అర్థమవుతుంది.

ప్రభుత్వ దస్త్రాల సంగతి వేరు. అవి అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడ విషయాన్ని బట్టి కాక, ఆ కాగితం ఏ కార్యాలయంలో పుట్టిందో, ఏ కార్యాలయానికి చేరిందో దాన్ని బట్టి రికార్డు గ్రూపులుగా అమర్చారు. సైన్యపు అడ్జుటెంట్ జనరల్ కార్యాలయానిది 94వ గ్రూపు, యుద్ధమంత్రి కార్యాలయానిది 107, దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ ప్రభుత్వపు కాగితాలు 109, విముక్తులైన బానిసల కోసం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరోది 105, పింఛన్లు 15. మన తాలూకా కచేరీలో ఆవక జావక రిజిస్టర్లు చూసినవారికి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. అక్కడా అంతే: వచ్చిన ప్రతి తపాలుకూ పంపినవారి ఇంటిపేరు మొదటి అక్షరం కింద ఒక వరస సంఖ్య వేసి రిజిస్టరులో ఎక్కించేవారు. కాబట్టి ‘బానిసత్వం’ అనో ‘జీతాలు’ అనో వెతికితే చాలాసార్లు ఏమీ దొరకదు. ఈ ఫిర్యాదు ఆనాడు ఏ గుమాస్తా బల్ల మీదికి వెళ్లి ఉంటుంది అని ఊహించి, ఆ బల్ల కాగితాలు ఎక్కడున్నాయో చూడాలి.

ఈ ఊహ ఎంత దూరం తీసుకుపోతుందో పింఛను దస్త్రాలు చూపిస్తాయి. 1862 జులైలో వచ్చిన చట్టం, యుద్ధంలో చనిపోయిన సైనికుడి మీద ఆధారపడిన తల్లికి కూడా పింఛనుకు హక్కు కల్పించింది. అయితే కొడుకు తనను పోషించేవాడని ఆమె రుజువు చూపించాలి. చదువు అంతంతమాత్రంగా ఉన్న పేద తల్లి దగ్గర రుజువేముంటుంది? కొడుకు రాసిన ఉత్తరాలే. ‘ఈ ఉత్తరంతో పది డాలర్లు పంపుతున్నాను, పిండి కొనుక్కో’ అన్న తరహా మాటలున్న అసలు ఉత్తరాలను ఆ తల్లులు అర్జీతో జత చేసి వాషింగ్టన్‌కు పంపారు. అవి ఆ దస్త్రాల్లోనే ఉండిపోయాయి. పేరున్న కుటుంబాలు ఉత్తరాలను అభిమానంతో దాచుకున్నాయి, పేదింటి ఉత్తరాలు రుజువు కింద ప్రభుత్వానికి అప్పగించడం వల్ల మిగిలాయి. నన్ను అడిగితే, సామాన్య సైనికుడి గొంతు వినాలనుకునేవారు సేనాధిపతుల సంపుటాల కంటే ముందు ఈ పింఛను దస్త్రాలు తెరవాలి.

అచ్చయిన సంపుటాలు అక్కర్లేదని కాదు. ఉభయ సైన్యాల అధికారిక నివేదికలనూ ఉత్తర ప్రత్యుత్తరాలనూ అమెరికా యుద్ధశాఖ 1880 నుంచి 1901 దాకా 128 పుస్తకాలుగా అచ్చు వేయించింది. లింకన్ రచనల సంపుటాలు మిషిగన్ విశ్వవిద్యాలయం పెట్టిన వెబ్ పుటల్లో పదం పదంగా వెతుక్కునే వీలుతో ఉన్నాయి. తేదీలు, పేర్లు, ఎవరు ఎక్కడున్నారన్నది సరిచూసుకోవడానికి ఇవి చాలా ఉపయోగం. కానీ అచ్చులో కవరు ఉండదు, వెనక వైపు ఉండదు, కొట్టివేతలు సాధారణంగా ఉండవు. అచ్చుప్రతితో దారి తెలుసుకుని అసలు ప్రతి బొమ్మ దగ్గరికి వెళ్లడం మంచిది.

రాత అలవాటు చేసుకోవడం

మన ఊళ్లలో పాత కరణాల లెక్కలు గొలుసుకట్టు రాతలో ఉండేవి. కలం ఎత్తకుండా అక్షరాన్ని అక్షరానికి తగిలించి రాసిన ఆ రాతను ఇవాళ్టివారు చూడగానే చదవలేరు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు కలిపిరాత కూడా మొదటి రోజు అలాగే ఉంటుంది. భయపడాల్సిన పని లేదు, కానీ వరసగా చదివేయాలని ప్రయత్నించకూడదు. ముందు రాసిన మనిషి అక్షరాల పట్టిక ఒకటి తయారు చేసుకోవాలి. ఊరి పేరు, నెల పేరు, ‘డియర్ సర్’ లాంటి, మీకు ముందే తెలిసిన మాటలను పట్టుకుని, వాటిలో ఆయన ‘ఆర్’ ఎలా రాశాడు, ‘ఎస్’ ఎలా తిప్పాడు, పెద్ద ‘ఎల్’కూ పెద్ద ‘ఎస్’కూ తేడా ఏమిటి అన్నది పక్క కాగితం మీద దించుకోవాలి. రెండు పేజీలు అయ్యేసరికి చేయి పరిచయమవుతుంది. ఒకే మనిషి రాసిన పది ఉత్తరాలు చదవడం, పది మంది రాసిన పది ఉత్తరాలు చదవడం కంటే ఎంతో తేలిక.

కొన్ని ముళ్లు ముందే తెలిసి ఉండాలి. ఆ కాలపు పెద్దవయసువారిలో కొందరు రెండు ‘ఎస్’లు పక్కపక్కన వచ్చినప్పుడు మొదటిదాన్ని పొడుగ్గా సాగదీసి రాసేవారు, అది మన కంటికి ‘ఎఫ్’లానో ‘పి’లానో కనబడుతుంది. ‘కాంగ్రెస్’ అన్న మాట చివర ఒక వింత ‘పి’ కనబడితే అది ఇదే. జనరల్, విలియం, జేమ్స్ లాంటి మాటలను కుదించి, చివరి అక్షరాన్ని కొద్దిగా పైకెత్తి రాయడం మామూలు. ‘తమ విధేయ సేవకుడు’ అన్న ముగింపును మూడు పొట్టి మాటలకు కుదించేవారు. మొదటిసారి చూసినవారికి అది గిలికిన గీతలా ఉంటుంది. కాగితమూ తపాలా ఖర్చూ కలిసొస్తాయని కొందరు పేజీ నింపిన తరువాత దాన్ని అడ్డంగా తిప్పి, రాసిన దాని మీదే మళ్లీ రాసేవారు. అలాంటి పేజీని తెర మీద తిప్పుకుంటూ ఒక దిక్కు వరసలను మాత్రమే కంటితో పట్టుకుంటే కాసేపటికి రెండో దిక్కు గీతలు వాటంతటవే వెనక్కి పోతాయి.

సిరా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆనాటి సిరా ఎక్కువగా ఇనుప లవణమూ మాచికాయ రసమూ కలిపి చేసినది. రాసినప్పుడు నల్లగా ఉండి ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది, కొన్నిచోట్ల కాగితాన్నే తినేస్తుంది. కార్యాలయాల్లో నకలు తీయడానికి తాజాగా రాసిన ఉత్తరం మీద తడిపిన పల్చటి కాగితం వేసి ప్రెస్సులో నొక్కేవారు. అక్షరాలు తిరగబడి అంటుకుంటాయి, కాగితం పల్చన కాబట్టి అవతలి వైపు నుంచి నేరుగా చదువుకునేవారు. మీరు చూసే బొమ్మలో అక్షరాలు అలుక్కుపోయి, వెనక వెలుతురు పెట్టినట్టు మసకగా ఉన్నాయంటే అది అలాంటి నకలు అయి ఉండవచ్చు. అంటే అసలు ఉత్తరం మరెక్కడో ఉందన్నమాట, లేదా పోయిందన్నమాట.

చదివిన దాన్ని ఎత్తిరాయడమే చదవడంలో అసలు పరీక్ష. వరస ఎక్కడ తెగితే అక్కడే తెంచండి, తప్పు స్పెల్లింగును అలాగే ఉంచండి, అంతు చిక్కని మాటను చదరపు కుండలీకరణంలో ప్రశ్నార్థకంతో పెట్టండి, ఊహించి నింపకండి. ఈ పనిని నలుగురితో కలిసి నేర్చుకునే వీలు ఇప్పుడుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2018లో ‘బై ద పీపుల్’ పేరుతో స్వచ్ఛంద సేవకులు ఎత్తిరాసే కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో మొదటి విడత సేకరణల్లో లింకన్‌కు వచ్చిన ఉత్తరాలున్నాయి. హైదరాబాదులో ఉన్నా, డాలస్‌లో ఉన్నా, ఖాతా కూడా తెరవకుండానే ఒక పేజీ తీసుకుని ఎత్తిరాయవచ్చు; ఇతరుల పని సరిచూడాలంటే మాత్రం ఖాతా కావాలి. యంత్రం చదివిపెట్టిన పాఠాన్ని మొదటి మెట్టుగా వాడుకోవచ్చు గానీ, యంత్రానికి తప్పులు దిద్దే గుణం ఉంది. రాసిన మనిషి చేసిన తప్పు ఆ మనిషి గొంతులో భాగం. దాన్ని దిద్దితే గొంతు పోతుంది.

తేదీ, తపాలా, వెనక వైపు

ఆనాటి ఉత్తరాల్లో తేదీలను సూటిగా రాయకుండా ‘ఈ నెల 5వది’, ‘గత నెల 28వది’ అన్న అర్థంలో లాటిను పొట్టిమాటలు వాడేవారు. ‘ఇన్‌స్ట్.’ అంటే ఈ నెల, ‘అల్ట్.’ అంటే పోయిన నెల, ‘ప్రాక్స్.’ అంటే వచ్చే నెల. మొదట్లో నేను ‘అల్ట్.’ను పట్టించుకోకపోవడం వల్ల, ఒక ఉత్తరానికి జవాబు ఆ ఉత్తరం కంటే ముందే వచ్చినట్టు తేలి, వారం రోజులు దారి తప్పాను. అప్పటి నుంచి ఒక సేకరణ మొదలుపెట్టిన రోజే ఒక పట్టిక గీస్తున్నాను: రాసిన తేదీ, కవరు మీద తపాలా ముద్ర తేదీ, అందిన తేదీ, జవాబు తేదీ. నాలుగు గడులూ నిండే ఉత్తరాలు తక్కువ, కానీ ఖాళీ గడి కూడా ఒక సమాచారమే.

తేదీ ఎంత పని చేస్తుందో లింకన్ హొరేస్ గ్రీలీకి రాసిన ఉత్తరం చెబుతుంది. న్యూయార్క్ ట్రిబ్యూన్ సంపాదకుడు గ్రీలీ, బానిసత్వం విషయంలో అధ్యక్షుడు మెతకగా ఉన్నాడని పత్రికలో బహిరంగ లేఖ వేశాడు. 1862 ఆగస్టు 22న లింకన్ జవాబిచ్చారు: ఒక్క బానిసనూ విడిపించకుండా దేశాన్ని ఒకటిగా నిలపగలిగితే అలాగే చేస్తాను, అందరినీ విడిపించి నిలపగలిగితే అదే చేస్తాను, కొందరిని విడిపించి కొందరిని వదిలేస్తే నిలిచేటట్టయితే అదీ చేస్తాను. ఈ మాటలను ఒంటరిగా చూపి లింకన్‌కు బానిసల విముక్తి పట్టలేదని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. కానీ పక్కన పట్టిక పెట్టుకుని చూడండి. సరిగ్గా నెల ముందు, జులై 22న, ఆయన బానిసల విమోచన ప్రకటన ముసాయిదాను మంత్రివర్గానికి చదివి వినిపించారు. ఒక విజయం దక్కేదాకా ఆగమని విదేశాంగ మంత్రి సీవార్డ్ సలహా ఇచ్చారు. సెప్టెంబరు 17న యాంటీటమ్ పోరు అలాంటి అవకాశం ఇచ్చింది, 22న తొలి ప్రకటన వెలువడింది. అంటే గ్రీలీకి రాసిన నాటికి ముసాయిదా సిద్ధంగా ఉంది. ఆ ఉత్తరం పత్రికల్లో పడుతుందని తెలిసే రాసినది, రాబోయే ప్రకటనకు దేశాన్ని సిద్ధం చేసేది. రెండు తేదీలను పక్కపక్కన పెట్టకుండా ఆ ఉత్తరం గురించి మాట్లాడటం అన్యాయమని నా అభిప్రాయం.

దీనికి ఎదురు ఉదాహరణ ఒకటి చూడండి. బఫెలో నగరం నుంచి 1863 జులై 31న హన్నా జాన్సన్ అనే నల్లజాతి తల్లి లింకన్‌కు రాసింది. ఆమె కొడుకు నల్లజాతి సైనికులతో ఏర్పడిన 54వ మసాచుసెట్స్ రెజిమెంటులో చేరాడు. జులై 18న దక్షిణాదివారి కోట ఫోర్ట్ వాగ్నర్ మీద దాడి చేసి దారుణంగా దెబ్బతిన్నది ఆ దళమే. పట్టుబడిన నల్లజాతి సైనికులను దక్షిణాదివారు బానిసలుగా అమ్మకుండా చూడమని ఆమె అడిగింది. తాను బడికి వెళ్లలేదనీ, అయినా మనిషికీ మనిషికీ మధ్య ఏది న్యాయమో ఎవరికి తెలిసినంతగా తనకూ తెలుసనీ రాసింది. అలాంటి సైనికుడు ఒకడిని బానిసను చేస్తే అందుకు బదులుగా ఒక దక్షిణాది ఖైదీని కఠిన శ్రమకు పంపుతామని లింకన్ ఆజ్ఞ జారీ చేసింది జులై 30న. ఈ రెండింటినీ కలిపి ‘తల్లి అడిగింది, అధ్యక్షుడు చేశాడు’ అని కథ అల్లడం సులభం. తేదీలు ఒప్పుకోవు: ఆజ్ఞ ఒక రోజు ముందుది, ఆ సంగతి తెలియని తల్లి రాసిన ఉత్తరం ఒక రోజు తరువాతది. కథ పోయింది గానీ అంతకంటే విలువైనది మిగిలింది. ఒకే వారంలో ఒకే అన్యాయం గురించి శ్వేతసౌధంలోనూ బఫెలోలోని ఒక ఇంట్లోనూ ఆలోచిస్తున్నారని తెలిసింది.

ఇక కవరు. తపాలా చరిత్ర కొంచెం తెలిస్తే తేదీ లేని ఉత్తరానికి కూడా వయసు చెప్పవచ్చు. 1845కు ముందు కాగితాల లెక్కన రుసుము పడేది, కవరు కూడా ఒక కాగితం కిందే లెక్క, అందుకే ఉత్తరాన్నే మడిచి దాని మీదే చిరునామా రాసేవారు. 1845 నుంచి బరువు లెక్క వచ్చింది, 1847లో తొలి తపాలా బిళ్లలు వచ్చాయి. యుద్ధకాలంలో మామూలు ఉత్తరానికి అర ఔన్సుకు మూడు సెంట్లు. బిళ్లలు దొరకని సైనికులు కవరు మీద ‘సైనికుడి ఉత్తరం’ అని రాయించి పంపితే అందుకున్నవారు రుసుము కట్టే వీలును 1861 జులైలో కల్పించారు. దక్షిణాది తపాలా కార్యాలయాల్లో మిగిలిన బిళ్లలను తిరుగుబాటుదారులు సొమ్ము చేసుకోకుండా అదే ఏడాది పాత బిళ్లలను చెల్లకుండా చేసి కొత్తవి తెచ్చారు. దక్షిణాదిలో కాగితం కరువైనప్పుడు వాడిన కవరును విప్పి లోపలి వైపు బయటికి తిప్పి మళ్లీ అంటించేవారు, గోడకు అంటించే రంగుల కాగితంతో కూడా కవర్లు చేశారు. యుద్ధ ఖైదీల ఉత్తరాలు మాత్రం అధికారి చదివాకే కదిలేవి, పొడవు మీదా పరిమితి ఉండేది. ఖైదీ ‘బాగానే ఉన్నాను’ అని రాసిన ఉత్తరాన్నీ, సైనికుడు తన గుడారంలోంచి ఇంటికి అదే మాట రాసిన ఉత్తరాన్నీ ఒకే తూకంలో వేయకూడదు.

చివరగా వెనక వైపు. కార్యాలయానికి వచ్చిన ఉత్తరాన్ని గుమాస్తా మడిచి, బయటికి కనబడే పట్టీ మీద పంపినవారి పేరు, తేదీ, సారాంశం రెండు ముక్కల్లో రాసేవాడు. ఆ కింద ఒక్కొక్క అధికారీ తన మాట చేర్చేవాడు. ఉత్తరంలో ఒక తల్లి నాలుగు పేజీల గోడు వెళ్లబోసుకుంటే, వెనక గుమాస్తా రెండు ముక్కల్లో తేల్చేసిన సారాంశం ఉండవచ్చు. రాజ్యం ఆ గోడును ఎలా విన్నదో తెలిపేది ఆ రెండు ముక్కలే, కాబట్టి వాటిని కూడా తప్పక ఎత్తిరాయండి.

నకలు, నకిలీ

పేరు మోసిన ఉత్తరాల్లో కొన్నింటికి అసలు ప్రతి లేదు. ఐదుగురు కొడుకులను యుద్ధంలో పోగొట్టుకున్నదని భావించి బోస్టన్‌లోని బిక్స్‌బీ అనే తల్లికి 1864 నవంబరు 21న లింకన్ రాసినట్టు చెప్పే ఓదార్పు లేఖ బోస్టన్ పత్రికల్లో అచ్చయింది, అసలు కనబడలేదు. నిజానికి ఆమె కొడుకుల్లో పోరులో చనిపోయినట్టు రూఢిగా తెలిసినవారు ఇద్దరు. ఆ లేఖ రాసింది కార్యదర్శి జాన్ హే అన్న వాదం కూడా బలంగా ఉంది. అసలు ప్రతి బొమ్మ అంటూ అమ్మకానికి తిరిగినవి తరువాత తయారైనవి. బుల్ రన్ పోరులో గాయపడి మరణించిన ఉత్తరాది సైన్యాధికారి సలివన్ బలూ తన భార్య సారాకు 1861 జులై 14న రాసిన ఉత్తరం కూడా నకళ్లలోనే మిగిలింది. నకలు అయినంత మాత్రాన అబద్ధం కాదు, కానీ ‘లింకన్ చేతిరాతలో’ అని రాసే ముందు ఆ చేతిరాత నిజంగా చూశామా అని అడగాలి.

నకిలీని పట్టుకోవడానికి సిరా పరీక్షల కంటే ముందు మామూలు తెలివి చాలాసార్లు సరిపోతుంది. 1928 డిసెంబరులో అట్లాంటిక్ మంత్లీ పత్రిక, యువకుడైన లింకన్‌వీ ఆయన ప్రేమించినట్టు చెప్పుకునే ఆన్ రట్లెడ్జ్‌వీ అంటూ కొత్తగా దొరికిన ఉత్తరాలను గొప్పగా ప్రచురించడం మొదలుపెట్టింది. వాటిలో ఒక ఉత్తరం తేదీ 1834. అందులో ఎవరో కాన్సస్‌కు తరలిపోతున్నారని ఉంది. కాన్సస్ భూభాగం ఏర్పడిందే 1854లో. మరో చోట భూమి హద్దుల గురించి రాస్తూ 40వ సెక్షన్ అని ఉంది. అమెరికా సర్వేలో ఒక టౌన్‌షిప్పుకు 36 సెక్షన్లే ఉంటాయి, సర్వేయరుగా పనిచేసిన లింకన్ అలా రాయడం జరగని పని. మన సర్వే నంబర్లు, పహాణీలు చూసిన అనుభవం ఉన్నవారికి ఈ రెండో తప్పు చటుక్కున తగులుతుంది. ఉత్తరంలోని ఊరి పేరు, పదవి పేరు, రుసుము, భూమి కొలత, ఇలాంటి పొడి వివరాలను ఒక్కొక్కటే ఆ తేదీకి సరిపోతాయో లేదో చూసుకోండి. నకిలీ రాసేవాడు మనసును కదిలించే మాటల మీద శ్రద్ధ పెడతాడు, పొడి వివరాల దగ్గర దొరికిపోతాడు.

పఠన మందిరానికి వెళ్లేవారికి

అమెరికాలో ఉన్న తెలుగువారిలో వాషింగ్టన్ చుట్టుపక్కల ఉండేవారికి అసలు కాగితం చూసే వీలుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రాతప్రతుల విభాగం మాడిసన్ భవనంలో ఉంది. గుర్తింపు పత్రం చూపి పాఠకుల కార్డు ఉచితంగా చేయించుకోవాలి. సంచీ బయట పెట్టాలి, పెన్ను తేకూడదు, పెన్సిలే వాడాలి. ఒకసారికి ఒక పెట్టె, ఒక ఫోల్డరు మాత్రమే తెరవాలి, కాగితాల వరస మార్చకూడదు. కాగితానికి చేతి తొడుగుల కంటే శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలు, తొడుగు వేసుకుంటే అంచు తెలియక చిరుగుతుంది. ఫొటో తీసేటప్పుడు ముందుగా ఫోల్డరు మీది పేరును, ఆ తరువాతే ఉత్తరాన్ని, చివర వెనక వైపును తీయండి. ఇంటికి వచ్చాక ఏ బొమ్మ ఏ పెట్టెలోదో తెలియకపోతే ఆ రోజంతా వృథా. రికార్డు గ్రూపు (లేదా సేకరణ పేరు), వరుస, పెట్టె, ఫోల్డరు అన్న నాలుగింటినీ ప్రతి ఉత్తరం పక్కనా రాసుకోవాలి.

ఈ యుద్ధంతో తెలుగు నేలకు ఉన్న సంబంధాన్ని వెతకాలనుకునేవారికి ఒక మాట. దక్షిణాది రేవులను దిగ్బంధించడంతో లాంకషైర్ మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోయింది, భారతదేశపు పత్తి ధర పెరిగింది, బళ్లారి, కర్నూలు సీమల పత్తికీ కాకినాడ రేవు నుంచి వెళ్లే పత్తికీ గిరాకీ వచ్చింది. ఆ కథ లింకన్ కాగితాల్లో వెతికితే దొరకదు. చెన్నైలోని మద్రాసు ప్రభుత్వపు పాత దస్త్రాల్లో, లండన్‌లోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో, అమెరికా వైపు నుంచైతే విదేశాంగ శాఖ కాగితాలున్న 59వ గ్రూపులోని కాన్సులేట్ లేఖల్లో వెతకాలి.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

మంచి ఉత్తరం దొరికాక తెలుగులో చెప్పాలనిపిస్తుంది. మర్యాద మాటల దగ్గర మనకు సొంత నిధి ఉంది. మహారాజరాజశ్రీ, చిత్తగించవలెను, విధేయుడు వంటి మన పాత ఉత్తరాల పలుకుబడి, ఆ కాలపు ఇంగ్లీషు పలుకుబడికి దగ్గరగానే నడుస్తుంది. అయితే అవి అర్థం కోల్పోయిన అలవాటు మాటలని మరవకూడదు. ‘తమ విధేయ సేవకుడు’ అని సంతకం చేసిన సేనాని ఆ పై నాలుగు పేజీల్లో ఎదుటివాడిని కడిగి పారేసి ఉండవచ్చు.

అసలు చిక్కు నువ్వు, మీరుల దగ్గర వస్తుంది. ఇంగ్లీషులో అది ఒకే మాట, తెలుగులో ఒకటి ఎంచుకోక తప్పదు. 1864 సెప్టెంబరు 3న సెయింట్ లూయిస్‌లోని బెంటన్ బారక్స్ ఆసుపత్రి నుంచి స్పాట్స్‌వుడ్ రైస్ రెండు ఉత్తరాలు రాశాడు. ఆయన బానిసత్వం నుంచి బయటపడి సైన్యంలో చేరిన మిసోరీ మనిషి. విమోచన ప్రకటన మిసోరీకి వర్తించలేదు, అక్కడ బానిసత్వం 1865 జనవరి దాకా చట్టబద్ధంగానే ఉంది, ఆయన బిడ్డలు ఇంకా యజమానుల ఇళ్లలోనే ఉన్నారు. ఒక ఉత్తరం బిడ్డలకు, రెండోది కూతురు మేరీని పట్టి ఉంచుకున్న కిటీ డిగ్స్‌కు. ఈ ఉత్తరాలు మనకు మిగిలిన తీరు చూడండి. కిటీ ఉన్న ఊరి పోస్టుమాస్టరు ఆమెకు సోదరుడు. ఒక నల్లవాడు ఇలా రాయడమేమిటని మండిపడి, ఉత్తరాలను జత చేసి మిసోరీలోని సైన్యాధిపతి జనరల్ రోజ్‌క్రాన్స్‌కు ఫిర్యాదు పంపాడు. ఆ ఫిర్యాదుతో పాటు అవి సైన్యపు దస్త్రంలో చేరి జాతీయ ఆర్కైవ్స్‌కు వచ్చాయి. కోపంతో పంపిన కాగితం వల్లనే తండ్రి మాట నిలిచింది.

బిడ్డలకు రాసిన ఉత్తరం ‘కలం చేతబట్టి’ అన్న ఆ కాలపు ఆనవాయితీ మాటతో మొదలవుతుంది. దాన్ని మన ‘ఇక్కడ అందరం క్షేమం’ లాంటి పలుకుబడితో తేవచ్చు, ‘మర్చిపోలేదు మిమ్మల్ని’ అన్న తరువాతి మాటకు ఏ సాయమూ అక్కర్లేదు. కిటీకి రాసిన దానిలో మాత్రం నేను చాలాసేపు ఆగిపోయాను. నిన్నటిదాకా ఆ ఇంటివారిని తలెత్తి చూడకూడదని శాసించిన లోకంలో పెరిగిన మనిషి, ఇప్పుడు సైనికుడై, నా బిడ్డను ఎంతకాలం ఆపితే అంతకాలం నరకంలో మాడతావు అంటున్నాడు. ‘మీరు’ అని వేస్తే ఆ వాక్యం నిలబడదు. ‘నువ్వు’ అనే వేశాను. ఎంపిక మీది అయినప్పుడు దాన్ని ఒక వాక్యంలో పాఠకులకు చెప్పండి, ఎందుకంటే అసలులో ఆ తేడా లేదు.

ఇంకొకటి ఆ ఉత్తరాల స్పెల్లింగు. బిడ్డలకు నాలుగు ముక్కలు ‘రాయడానికి’ అన్న చోట ఆయన వాడిన అక్షరాలు ఆర్, ఐ, టి, ఈ. మేరీ దేవుడు తనకిచ్చిన ‘హక్కు’ అని కిటీకి రాసిన చోట వాడినవీ అవే నాలుగు అక్షరాలు. రాయడం, హక్కు, ఆయన చేతిలో ఒకే మాట. ఎత్తిరాసేటప్పుడు దాన్ని దిద్దకండి, తెలుగు చేసేటప్పుడు పక్కన ఒక గమనిక పెట్టండి.